కంచిపట్టు పనిమనిషి

ఆ శనివారానికి నవోమి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి చీర చింపాలి. పదింటికి దాన్ని టీలో నానబెట్టాలి. ఒంటిగంటకల్లా డ్రయ్యర్‌లో ఆరబెట్టి మూట కట్టుకోవాలి. రెండింటికి శాంటా క్లారాలో అద్దెకు తీసుకున్న చర్చి హాలుకి చేరాలి. మూడున్నరకి తను మంచి చీర కట్టుకోవాలి. నాలుగింటికి నాటకం మొదలవ్వాలి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో చీర చింపడానికంటూ ఒక టైము పెట్టుకోవడం ఆమెకి ఇదే మొదటిసారి.

పదింటికి ఆమె భర్త సామ్యూల్ టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని బాత్‌రూములోకి వచ్చి, టబ్బు చూసి ఆగిపోయాడు. సగం దాకా టీ. అరవై టీ బ్యాగులు పైన తేలుతున్నాయి.

"ఎవరికి ఇంత టీ?" అన్నాడు.

"మణికి."

"మణి ఇంత తాగుతుందా?"

"తాగడానిక్కాదండీ, చీరకి. మణిది పనిమనిషి వేషం కదా. కొత్త నూలుచీర కట్టుకుని స్టేజీ ఎక్కితే ఏదో పండక్కి వచ్చినట్టుంటుంది. నాలుగేళ్ళు ఎండలో ఆరిందీ, రెండేళ్ళు ఆ ఒక్క చీరతోనే గడిపిందీ అన్నట్టుండాలి."

"చీరలో ఏముంది నవోమీ? నేను పేదదాన్ని బాబూ అని డైలాగ్‌లో చెబుతుందిగా."

"మిసెస్ హాలోవేకి తెలుగు రాదుగా!" అని నవోమి చీరని టబ్బులోకి తొయ్యబోయింది. కాలు జారింది. పడలేదుగానీ, కుంచాల కొద్దీ టీ ఎగిరి ఆమె కట్టుకున్న పాత చీర మీద పడింది. ఎలాగూ మార్చుకోవాల్సిందే కదా అని ఆమె పట్టించుకోలేదు.

ఈ మిసెస్ హాలోవే ఎవరంటే, ఆ దగ్గర్లో ఒక కాలేజీ థియేటర్‌లో నటుల దుస్తుల విభాగానికి పెద్ద. అసిస్టెంట్ కావాలని ఆవిడ పేపర్‌లో ఇచ్చిన ప్రకటన చూసి, నవోమి తను కుట్టిన నాలుగు నమూనాలు కవరులో పెట్టి పంపించింది. నమూనాలు ఆవిడకి నచ్చాయి. ఫోన్ చేసింది. "స్టేజీకి ఎప్పుడైనా బట్టలు చేశారా?" అని అడిగింది. ఈ నెలలోనే మా తెలుగు క్రైస్తవుల కోతల పండుగకి ఒక నాటకం వేస్తున్నాం, నాకైతే అదే మొదటిది అని నవోమి చెప్పింది. "నాకు మీ భాష ఒక్క ముక్క రాదు. అదే మంచిది. వచ్చి చూస్తాను. బట్టలు చూసి ఎవరు ఎవరో, ఎవరి బతుకు ఎలాంటిదో నేను చెప్పగలిగితే ఉద్యోగం మీది" అంది మిసెస్ హాలోవే.

ఆ రోజు నుంచీ నవోమికి సరిగ్గా అన్నం సయించలేదు. గుంటూరులో ఆరేళ్ళు మిషన్ స్కూల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన మనిషి. సన్నీవేల్ వచ్చిన ఈ నాలుగేళ్ళలో ఆమె కత్తెర చేసిన పనల్లా సామ్యూల్ స్నేహితుల ప్యాంట్లు పొట్టి చెయ్యడం. దర్జాగా ఒక మిషను ముందు కూర్చుని, బట్ట గురించి తెలిసినవాళ్ళతో బట్ట గురించి మాట్లాడుతూ రోజు గడపాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది. 1984 నవంబరులో ఆమె ప్రార్థనలన్నిటికీ ఆఖరి వాక్యం మిసెస్ హాలోవేనే.

నాటకం పేరు 'అరసోలెడు గింజలు'. రాసిందీ, నడిపిస్తున్నదీ ప్రేమానందం గారు. ఆయన కృష్ణా జిల్లాలో యాభై ఏళ్ళ కిందటి ఒక పల్లె కథ రాశారు. ఒక కామందు, ఆయన భార్య, వాళ్ళింట్లో పనిమనిషి, ఆ పనిమనిషి మొగుడు పాలేరు. నలుగురే పాత్రలు. గాదెలో అరసోలెడు గింజలు తగ్గాయని కామందు పనిమనిషి మీద దొంగతనం మోపుతాడు. పాలేరు కాళ్ళమీద పడతాడు. చివర్లో కామందు కన్నీళ్ళు పెట్టుకుని క్షమాపణ చెబుతాడు. పాలేరు వేషం సామ్యూల్‌దే. అతనికోసం నవోమి ఒక బనీను కొని, రెండు రోజులు దాన్ని కొబ్బరి కోరాంతో గీకి, చిల్లులు పెట్టింది.

అయితే ఆ పొద్దున్న సామ్యూల్ ఊరుకోలేదు. భార్యకి సాయం చెయ్యాలన్న బుద్ధి అతనికి ఏడాదికి రెండుసార్లు పుడుతుంది. ఆ రోజు రెండోసారి పుట్టింది. నవోమి లాండ్రీ రూములో ఉండగా అతను ముగ్గురు నటులకీ ఫోన్లు చేశాడు. "ఇవాళ నాటకానికి ఒక తెల్లావిడ వస్తోంది. బట్టలు చూడ్డానికే వస్తోంది. ఆవిడకి బట్టలు నచ్చితే నవోమికి జాబ్ ఇస్తుంది. కాబట్టి బట్టల విషయంలో కొంచెం కేర్ తీసుకోండి" అని చెప్పాడు. చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

అదే సమయానికి ప్రేమానందం గారు కూడా అవే ఇళ్ళకి ఫోన్లు చేస్తున్నారు. "జగదీష్ వీడియో కెమేరా రెంట్ చేశాడు. నాటకం మొత్తం కేసెట్ తీస్తాడు. ఎవరికెన్ని కాపీలు కావాలో చెప్పండి, ఇండియా పంపించుకోవచ్చు." ఆ రెండు ఫోన్లూ పది నిమిషాల తేడాతో ఒక ఇంట్లో మోగితే ఏమవుతుందో ఊహించే తీరిక నవోమికి లేదు. ఆమె డ్రయ్యర్ ముందు నిలబడి చినుగుల చీర చూసుకుని మురిసిపోతోంది.

రెండున్నరకి మణి హాలుకి వచ్చింది. మణి మంచి పిల్ల, పెళ్ళయి వచ్చి పది నెలలైంది. మెడ దాకా గుండీలు పెట్టిన పొడుగాటి కోటులో వచ్చి, "వందనాలక్కా, నువ్వేం టెన్షన్ పడకు. నీ జాబ్‌కి నాది పూచీ" అని కోటు విప్పింది.

లోపల కుంకుమరంగు కంచిపట్టు. జానెడు జరీ అంచు. మెడలో నాలుగు పేటల చంద్రహారం, దాని కింద కాసులపేరు. చేతులకి ఆరేసి గాజులు.

"మణీ, ఇదేంటమ్మా?"

"నా పెళ్ళిచీరక్కా. దీన్ని మించింది నా దగ్గర లేదు."

"నువ్వు పనిమనిషివి!"

"ఆవిడ బట్టలు చూడ్డానికి వస్తోందన్నారుగా అన్నయ్య? పాత గుడ్డ చూపిస్తే జాబ్ ఎలా ఇస్తుందక్కా? పైగా కేసెట్ తెనాలి వెళ్తుంది. మా ఆడపడుచు వీధంతటినీ పిలిచి చూపిస్తుంది. అమెరికా వెళ్ళి చినుగుల చీర కట్టుకుంటున్నానని మా అత్తగారు మంచం పట్టేస్తారు."

"అది నాటకం అని వాళ్ళకి తెలీదా?"

"తెలుసుగానీ, చీర చీరే కదక్కా."

నవోమి టీ చీర తీసి ఆమె చేతిలో పెట్టింది. బతిమాలింది. కోప్పడింది. మణి కళ్ళలో నీళ్ళు తిరగ్గానే మళ్ళీ బతిమాలింది. చివరికి ఒక రాజీ కుదిరింది. కంచిపట్టు లోపల ఉంటుంది, దాని మీద టీ చీర చుట్టాలి. నవోమి నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని ఇరవై నిమిషాలు చుట్టింది. లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. తను అంత శ్రద్ధగా పెట్టిన ప్రతి చినుగులోంచీ జరీ తళుక్కుమంటోంది. మణి పరుపులా ఉబ్బిపోయి, ఊపిరాడక, "చాలా బాగుందక్కా" అంటోంది. నవోమి టీ చీర ఊడదీసి పక్కన పడేసింది.

అప్పుడే కామందు భార్య వేషం వేస్తున్న ప్రేమజ్యోతి లోపలికి వచ్చింది. వయసులో అందరికంటే పెద్దది, చర్చిలో క్వయర్ లీడరు. నవోమి ఆమెకోసం తన సొంత పట్టుచీర ఒకటి ఇస్త్రీ చేసి తెచ్చింది. ప్రేమజ్యోతి ఆ చీర వైపు ఒకసారి, మణి వైపు ఒకసారి చూసింది.

"నవోమీ, దీని ఇంట్లో నేను పనిమనిషినా, నా ఇంట్లో ఇది పనిమనిషా?"

"మీ ఇంట్లోనే జ్యోతక్కా."

"చూసేవాళ్ళకి అలా అనిపించదమ్మా. ఒక్క పావుగంట ఆగు" అని ఆమె కార్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. పావుగంటకి తిరిగొచ్చినప్పుడు పట్టుచీర మీద బొచ్చు కోటు తొడుక్కుని ఉంది. కిందటేడు చికాగోలో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు కొన్నది. కోటు మీద ముత్యాల దండ, చెవులకి జూకాలు, ముక్కు మీద నల్ల కళ్ళద్దాలు.

"జ్యోతక్కా, కథ జరిగేది గుడివాడ దగ్గర. అక్కడ బొచ్చు కోటెందుకు?"

"డబ్బున్నవాళ్ళమని చూపించడానికేగా. నీ జాబ్ కోసమే కదమ్మా ఈ ఉక్కపోత!"

నవోమి ప్రేమానందం గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన తెర తాడు లాగి చూసుకుంటున్నారు. "మీరైనా చెప్పండి ప్రేమానందం గారూ! పనిమనిషి ఒంటినిండా బంగారం ఉంది."

"బంగారం ఉంటే ఏమమ్మా? డైలాగ్ ఉంది కదా. నేను రాసిన మాట చెవిన పడితే రాయి కూడా కరుగుతుంది."

"ఆవిడ వినడానికి రావట్లేదండీ, చూడ్డానికి వస్తోంది!"

"చూస్తూ చూస్తూ వింటుందిలే" అని ఆయన మళ్ళీ తాడు లాగారు.

మూడింబావుకి కామందు దైవాశీర్వాదం వచ్చాడు. నవోమి కుట్టిన సిల్కు లాల్చీ, జరీ పంచె బుద్ధిగా కట్టుకున్నాడు. ఒక్కడైనా చెప్పినట్టు విన్నాడని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం మణి, ప్రేమజ్యోతి వచ్చి అతని పక్కన నిలబడేదాకా ఉంది. అతను వాళ్ళిద్దర్నీ ఎగాదిగా చూసి, గబగబా పార్కింగ్ లాట్‌కి వెళ్ళి, ఆఫీసులో వేసుకునే నీలం కోటు లాల్చీ మీద తగిలించుకొచ్చాడు. పై జేబులో మూడు పెన్నులు. నడుముకి తోలు సంచిలో కాలిక్యులేటర్.

"అన్నయ్యగారూ, ఆ కాలంలో కాలిక్యులేటర్ ఎక్కడిదండీ?"

"గింజలు లెక్క కట్టే సీన్ ఉందిగా చెల్లెమ్మా. చాలా రిచ్‌గా ఉంటుంది. అయినా నీకోసమేగా" అన్నాడు దైవాశీర్వాదం ఆప్యాయంగా.

ఎవరి మీదా అరవడానికి వీల్లేకుండా పోయింది. అందరూ ఆమెకోసమే చేస్తున్నారు. ఇంక మిగిలింది సామ్యూల్ ఒక్కడే. ముగ్గురు షోకు చేసుకున్నా ఒక్కడు చిల్లుల బనీనుతో నిలబడితే కనీసం వాడు పేదవాడని తెలుస్తుంది, దాన్ని పట్టుకుని మిగతాది ఆవిడే ఊహించుకుంటుంది అని నవోమి గుండె దిటవు చేసుకుంది. అప్పుడు సామ్యూల్ వచ్చాడు. మూడు ముక్కల సూటు, ఎర్ర టై, తళతళలాడే బూట్లు. భుజం మీద పార.

టీ చీర నుంచి ఊడిన సూదులు ఏరి నోట్లో పెట్టుకుంటున్న నవోమి తలెత్తి చూసింది. 

"అలా చూడకు" అన్నాడు సామ్యూల్. "వాళ్ళందరూ అలా ఉండి, నేనొక్కణ్ణే బనీనుతో ఉంటే మా నాన్న కేసెట్‌లో నన్నే చూస్తాడు. రిటైరైన హెడ్మాస్టరు నవోమీ. నా కొడుకు ఇంజినీరని ఊరంతా చెప్పుకున్నాడు."

ఆమె సూదులు చేతిలోకి తీసుకుంది. "పాలేరు సూటు వేసుకుంటాడాండీ?"

"ఆదివారం వేసుకోడా?"

"పొలంలోనా?"

సామ్యూల్ కాసేపు ఆలోచించాడు. భార్య మొహం చూసి జాలేసింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నవోమి తెచ్చిన తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. "ఇప్పుడు చూడు. పర్ఫెక్ట్ పాలేరు" అన్నాడు.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా నవోమి తెర పక్కనుంచి తొంగి చూసింది. మొదటి వరసలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ఒక గుండీ ఊడిన గోధుమరంగు స్వెట్టరు, ఒళ్ళో నోట్‌బుక్కు. మంచి చీర సంచిలోంచి తియ్యడానికి కూడా నవోమికి టైము దొరకలేదు. టీ మరకల పాత చీరతో, చెప్పుల్లేని కాళ్ళతో, మెడలో టేపుతో వెళ్ళి పలకరించడానికి సిగ్గేసింది. సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుని తెర వెనకే ఉండిపోయింది. తెర లేచింది.

మొదటి సీన్‌లో మణి, "రెండ్రోజుల్నుంచీ పొయ్యి వెలిగించలేదమ్మా, పిల్లోడు ఆకలికి ఏడుస్తున్నాడు" అని చేతులు జోడించింది. పన్నెండు గాజులు గలగలమన్నాయి.

"ఒక గాజు అమ్మొచ్చుగా!" అన్నారెవరో వెనక వరసలోంచి. హాలు గొల్లుమంది. మిసెస్ హాలోవే నవ్వలేదు. మణిని చూసి ఏదో రాసుకుంది.

సామ్యూల్ పార పట్టుకుని వచ్చి, "చేను తడిపొచ్చానండయ్యా" అన్నాడు. బూట్ల మీద లైటు పడి ముందు వరసవాళ్ళ కళ్ళు చెదిరాయి. దైవాశీర్వాదం కాలిక్యులేటర్ తీసి గింజలు లెక్కకట్టాడు. మిసెస్ హాలోవే రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకుంది. కాసేపటికి అది కూడా కొట్టేసింది. నవోమి తెర పక్కనుంచి ఆ పెన్ను కదలడమే చూస్తోంది. ఉద్యోగం అలా కాగితం మీదే కొట్టుకుపోతోంది.

తర్వాతి సీన్‌లో పనిమనిషి కామందు భార్య కాళ్ళమీద పడాలి. ఆమె విదిలించుకుని విసవిసా నడిచి వెళ్ళాలి. మణి పడింది, బాగానే పడింది. ప్రేమజ్యోతి విదిలించుకుంది, అదీ బాగానే ఉంది. విసవిసా నడిచింది. మణి కూడా ఆమెతోపాటే మోకాళ్ళ మీద నడిచింది. చంద్రహారం కొక్కెం బొచ్చు కోటులో చిక్కుకుంది.

"వదులు" అంది ప్రేమజ్యోతి పళ్ళ మధ్యనుంచి.

"నేను పట్టుకోలేదక్కా, మీరే నన్ను లాక్కెళ్తున్నారు" అంది మణి ఏడుపు గొంతుతో.

రెండు రౌండ్లు తిరిగారు. ప్రేమానందం గారు తెర దించబోతే తాడు పైన చిక్కుకుపోయింది. ఇంకొక్క గుంజు గుంజితే హారం తెగి బంగారు గుండ్లన్నీ హాలులో దొర్లుతాయి. నవోమి ఇంకేమీ ఆలోచించలేదు. స్టేజీ మీదికి పరుగెత్తి, ఇద్దరి మధ్యా మోకాళ్ళ మీద కూర్చుని, కొక్కెం విప్పడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే దైవాశీర్వాదం ప్రవేశం. ఏం జరుగుతోందో అతనికి తెలీదు. డైలాగ్ మర్చిపోకూడదన్న ఒక్క ధ్యాసతో వచ్చి, "నా గాదెలో గింజలు తీసిన దొంగ ఎవత్తి?" అని గర్జించి వేలు చాచాడు. చాచాక, ఎవరివైపు చూపించాలో వెతుక్కున్నాడు. ఎదురుగా ఒకరు బంగారంలో ఉన్నారు. ఒకరు బొచ్చు కోటులో ఉన్నారు. ఒకడు సూటులో ఉన్నాడు. ఒక మనిషి మరకల చీరతో, వట్టికాళ్ళతో నేల మీద ఉంది. వేలు దానంతటదే నవోమి వైపు తిరిగింది.

నవోమి కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నేను కాదు బాబయ్యా!" అంది మణి, తన డైలాగ్ పోతుందని.

"నిన్నెవరన్నారు?" అన్నాడు దైవాశీర్వాదం తికమకపడి. అది నాటకంలో లేదు.

ప్రేమజ్యోతి మాత్రం తడబడలేదు. "అబద్ధం! దీని మొహంలోనే దొంగతనం కనిపిస్తోంది" అని గట్టిగా చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె కూడా నవోమినే చూసింది. నెలరోజులు మణితో రిహార్సల్ చేసిన మనిషి!

ఇంక సామ్యూల్ వంతు. పాలేరు అడ్డుపడి భార్యని కాపాడుకోవాలి. అతను ముందుకొచ్చి మణిని చూశాడు, నవోమిని చూశాడు. ఎవర్ని చూపించినా చిక్కే. హాలు పైకప్పు వైపు చూస్తూ, "కొట్టకండి బాబయ్యా, అది నా పెళ్ళాం" అన్నాడు. ఆ హాలులో ప్రతివారికీ అతని పెళ్ళాం ఎవరో తెలుసు. కెమేరా పట్టుకున్న జగదీష్‌తో సహా అందరూ పడీపడీ నవ్వారు.

నవోమికి ఒక్కసారి రోషం ముంచుకొచ్చింది. మధ్యాహ్నం నుంచీ వీళ్ళందరి కాళ్ళ దగ్గరా కూర్చుంది తను. ఇప్పుడు దొంగ కూడా తనేనా? కొక్కెం ఊడేలా లేదు. ఆమె లేచి, ప్రేమజ్యోతి ఒంటిమీద నుంచి కోటు ఒక్క లాగు లాగింది. మణి మెడ వెనక చీల తిప్పి హారం తీసేసింది. వేలాడుతున్న హారంతో సహా కోటుని భుజాన వేసుకుని, దైవాశీర్వాదం చాచిన చెయ్యి కిందనుంచి వంగి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. చప్పట్లు ఆగలేదు. దైవాశీర్వాదం క్షమాపణ డైలాగ్ మొత్తం ఆమె వెళ్ళిన తలుపుకి చెప్పుకున్నాడు.

తెర వెనక, నోట్లో సూదులు తీసి పక్కన పెట్టి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని నవోమి ఏడ్చింది. నాలుగేళ్ళకి ఒక్క తలుపు తెరుచుకుంటే, తన వాళ్ళందరూ ప్రేమతో కూడి వచ్చి దాన్ని మూసేశారు. ఎవర్ని తిట్టాలో కూడా తెలియకపోవడం ఇంకా దుఃఖంగా ఉంది. అంతలో అడుగుల చప్పుడైంది. ముందు సామ్యూల్, వెనక మిసెస్ హాలోవే.

"ఈ బట్టలు చేసిన నవోమి ఎవరు?" అని అడిగింది ఆవిడ ఇంగ్లీషులో.

"నేనే" అంది నవోమి లేచి నిలబడి.

"మీరా? ఆ వేషం కూడా మీరే వేశారా?" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నవోమిని కింది నుంచి పైదాకా చూసింది. "మొదట్లో నాకు ఏమీ అర్థం కాలేదని ఒప్పుకోవాలి. తర్వాత తెలిసింది. బాగా డబ్బున్న ఇల్లు. నగలావిడా, కోటావిడా అక్కచెల్లెళ్ళు, ఒకరంటే ఒకరికి పడదు. లెక్కలు కట్టే ఆయన ఇంటి పెద్ద. తలకి దెబ్బ తగిలి కట్టు కట్టుకున్న ఆయన ఎవర్నో పాతిపెట్టి వచ్చాడు."

సామ్యూల్ తల మీద తువ్వాలు మెల్లగా తీసి వెనక దాచుకున్నాడు.

"ఇంతమంది మధ్య ఒక కుట్టుపని చేసే మనిషి. అందరికీ బట్టలు సరిచేసేది ఆమే. ఒక్కరూ ఆమె మొహం చూడరు. నోటినిండా సూదులు, మాట్లాడ్డానికి వీల్లేదు. ముప్ఫై ఏళ్ళుగా నేనూ నోట్లో సూదులు పెట్టుకుంటున్నాను, దాన్ని స్టేజీ మీద చూపించాలని నాకెప్పుడూ తట్టలేదు. తప్పు ఆమె మీద వేస్తే ఆ పార పట్టుకున్నాయన కూడా, భర్తే అనుకుంటాను, ఆమె వైపు చూడలేదు. పైకప్పు వైపు చూశాడు, దుర్మార్గుడు. అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఆ చీర మీద మరకలు ఎలా వేశారు? ఎంత సహజంగా ఉన్నాయి!"

నవోమికి అంతా అర్థమైంది. ఊ అంటే చాలు. ఆవిడ వెనక నుంచి సామ్యూల్ అదే సైగ చేస్తున్నాడు, ఊ అను, ఊ అను అని. ఉద్యోగం అరచేతి దూరంలో ఉంది. కానీ ఆరేళ్ళు పిల్లలకి, ఒక్క కుట్టు తప్పినా విప్పి మళ్ళీ వెయ్యమని చెప్పిన మనిషి ఆమె. 

"అది వేషం కాదండీ. నా బట్టలే. పొద్దున్న టీ ఒలికింది, మార్చుకోవడానికి టైము లేక అలాగే ఉండిపోయాను. నిజానికి ఆ నగలమ్మాయి పనిమనిషి. సూటాయన పాలేరు. పార పొలం పనికి. నేను కుట్టిన పేద బట్టలు ఆ మూటలో ఉన్నాయి, ఒక్కరిచేత కూడా కట్టించలేకపోయాను. మీరు పెట్టిన పరీక్షలో నేను ఫెయిలయ్యాను."

మిసెస్ హాలోవే మూట దగ్గరికి వెళ్ళింది. మూట విప్పి, టీ చీర, చిల్లుల బనీను వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత బకెట్ మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, భుజాలు అదిరేలా నవ్వింది.

"మా నటులూ అంతే. బిచ్చగాడి వేషం ఇచ్చిన ప్రతివాడూ కొంచెం మంచి బెల్టు కావాలంటాడు. మొన్న చాకలిదాని వేషం వేసిన అమ్మాయి లిప్‌స్టిక్ తుడవనంటే తుడవనంది. బాగా కుట్టేవాళ్ళు నాకు ఇద్దరున్నారు. వాళ్ళు నటుల్ని చూస్తే వణికిపోతారు. నాటకం నడుస్తుండగా స్టేజీ ఎక్కి, అందరి ముందూ ఒంటిమీద కోటు ఊడదీసుకొచ్చే మనిషి ఇన్నేళ్ళలో నాకు ఎక్కడా దొరకలేదు. సోమవారం తొమ్మిదింటికి రండి."

లేచి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "కోటూ నగా మాత్రం వాళ్ళకి ఇచ్చెయ్యండి."

ఈ వార్త హాలులో పులిహోర పొట్లాలకంటే ముందు అందరికీ చేరిపోయింది. "నేను చెప్పలేదా అక్కా, నా పెళ్ళిచీర చూసే ఇచ్చింది" అంది మణి. కోటు వల్లేనని ప్రేమజ్యోతి అంది. కాలిక్యులేటర్ సంగతి ఆవిడ ప్రత్యేకంగా ఏమైనా అందా అని దైవాశీర్వాదం రెండుసార్లు అడిగాడు. అసలు తను ఆ ఫోన్లు చెయ్యకపోతే ఇదంతా జరిగేదా అని సామ్యూల్ కార్ నడుపుతున్నంతసేపూ అంటూనే ఉన్నాడు. అందులోనూ ఒక్క అబద్ధం లేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికే లేచిన నవోమి, మంచం మీద పదకొండు చీరలు పరుచుకుని, ఏది కట్టుకుంటే తనని ఎలాంటి మనిషనుకుంటారో తేల్చుకోలేక ఎనిమిదిన్నర దాకా అక్కడే నిలబడిపోయింది.